గోల్ఫ్‌లో ముందుగా ఏ ఆఖరి రోజు చూడాలి?

కోనసీమలో, భీమవరం చుట్టుపక్కల, అటు కాకినాడ వైపు కూడా ఇప్పుడు చాలా ఇళ్లలో కొడుకో కూతురో అల్లుడో అమెరికాలో ఉంటున్నారు. వారిలో కొందరికి అక్కడ గోల్ఫ్ అలవాటైంది. సెలవులకు ఇంటికి వచ్చి, టీవీ ముందు కూర్చుని వారు ఆ ఆట చూస్తుంటే పక్కనున్న పెద్దలకు పచ్చటి మైదానం, అందులో నడిచే మనుషులు, అప్పుడప్పుడు వినిపించే చప్పట్లు తప్ప మరేమీ బోధపడదు. "ఒక మంచి ఆట చూపించరా, నేనూ అర్థం చేసుకుంటాను" అని తండ్రి అడిగితే కొడుకు సాధారణంగా టైగర్ వుడ్స్ షాట్ ఒకటి, అర నిమిషం వీడియో, ఫోన్‌లో చూపిస్తాడు. తండ్రి "బాగుంది" అంటాడు. ఆసక్తి అక్కడితో ఆగిపోతుంది.

లోపం తండ్రిలో లేదు, చూపించిన ఆటలో ఉంది. గోల్ఫ్‌లో ఎదురుగా నిలబడి బంతి వేసేవాడు ఉండడు. ఆటగాడికి అసలు ప్రత్యర్థి మైదానమే. నిపుణుడు చక్కగా ఆడినంతసేపూ ఆ మైదానంలోని కష్టం కంటికి ఆనదు, బంతి వెళ్లవలసిన చోటికే వెళుతుంది, అంతా సులువుగా తోస్తుంది. అదే నిపుణుడు తడబడినప్పుడు నీళ్లు ఎక్కడ ఉన్నాయో, ఇసుక గుంట ఎంత లోతో, దట్టమైన గడ్డిలో పడిన బంతిని బయటికి తీయడం ఎంత ప్రయాసో, ఒక్క తప్పుకు ఎంత మూల్యం చెల్లించాలో అన్నీ ఒకేసారి తెలిసివస్తాయి. అందువల్ల కొత్తగా చూసేవారు చేజారిన విజయంతో మొదలుపెట్టి, ఆ తరువాత ఇద్దరు సమఉజ్జీల పోరు చూసి, ఒంటరి వీరుల విజయాలను చివరికి ఉంచుకోవాలని నా సలహా. ఇక్కడ పోల్చిన ఆటల్లో ఎక్కువ భాగం ఆయా పోటీల నిర్వాహకుల యూట్యూబ్ చానళ్లలో పూర్తిగానో సంక్షిప్తంగానో దొరుకుతాయి.

ముందుగా తెలియవలసిన నియమాలు కొద్దే. బంతిని మొదలుపెట్టే చోటు నుంచి జెండా పాతిన రంధ్రంలోకి చేర్చే దారిని హోల్ అంటారు, ఒక్కో దెబ్బను స్ట్రోకు అంటారు. ఒక హోల్‌ను పూర్తి చేయడానికి నిపుణుడికి ఎన్ని స్ట్రోకులు పడతాయని లెక్కగట్టారో ఆ సంఖ్య పార్. అది 3, 4 లేదా 5 ఉంటుంది. అంతకన్నా ఒకటి తగ్గితే బర్డీ, రెండు తగ్గితే ఈగిల్, ఒకటి పెరిగితే బోగీ, రెండు పెరిగితే డబుల్ బోగీ. పెద్ద పోటీల్లో రోజుకు 18 హోల్స్ చొప్పున నాలుగు రోజులు ఆడతారు. మొత్తం 72 హోల్స్‌లో అందరికన్నా తక్కువ స్ట్రోకులు తీసుకున్నవారే విజేత. బంతి నీటిలో పడితే బయట మరో బంతి వేసుకుని ఆడవచ్చు, కానీ ఒక స్ట్రోకు జరిమానాగా కలుస్తుంది. మేజర్లు అని పిలిచే నాలుగు పోటీల్లో మాస్టర్స్ ఏటా ఏప్రిల్‌లో జార్జియా రాష్ట్రంలోని అగస్టా మైదానంలోనే జరుగుతుంది. తక్కిన మూడూ, అంటే పీజీఏ చాంపియన్‌షిప్, యూఎస్ ఓపెన్, 1860లో మొదలైన బ్రిటిష్ ఓపెన్, ఏటా మైదానం మారుతుంటాయి.

చేజారిన విజయాలు: కార్నూస్టీ 1999, అగస్టా 1996

మొదటి ఆటగా నేను సూచించేది 1999 బ్రిటిష్ ఓపెన్. నాలుగు రోజుల ఆటా అక్కరలేదు, ఆఖరి రోజంతా కూడా అక్కరలేదు. స్కాట్లాండ్‌లోని కార్నూస్టీలో జాన్ వాన్ డె వెల్డ్ అనే ఫ్రెంచి ఆటగాడు 72వ హోల్ ఆడిన తీరు ఒక్కటి చూస్తే చాలు.

ఆ మైదానం స్వభావం గురించి ఒక మాట. బ్రిటిష్ ఓపెన్ ఆడే సముద్రతీర మైదానాలను లింక్స్ అంటారు. అంతర్వేది దగ్గర, ఓడలరేవు దగ్గర సరుగుడు తోటలు దాటగానే కనిపించే ఇసుక మేటల మీద గడ్డి దట్టంగా కమ్ముకుని, అడ్డం నిలిచే చెట్టు ఒక్కటీ లేక, సముద్రపు గాలి ఎదురులేకుండా కొడుతుంటే ఎలా ఉంటుందో లింక్స్ ఇంచుమించు అలా ఉంటుంది. ఆ ఏడాది కార్నూస్టీలో ఫెయిర్‌వేలను, అంటే బంతి ఆడేందుకు గడ్డి కత్తిరించి ఉంచే దారులను, బాగా ఇరుకు చేసి, వాటి పక్కన రఫ్ అనే గడ్డిని విపరీతంగా పెరగనిచ్చారు. ఇది చాలదన్నట్టు బారీ బర్న్ అనే వాగు రాతి గోడల మధ్య మెలికలు తిరుగుతూ ఆఖరి హోల్‌కు అడ్డంగా పారుతుంది.

వాన్ డె వెల్డ్ ఆ హోల్ దగ్గరికి మూడు స్ట్రోకుల ఆధిక్యంతో వచ్చాడు. అది పార్ 4; డబుల్ బోగీతో 6 చేసినా ట్రోఫీ అతనిదే. 1907లో ఆర్నో మాసీ తరువాత ఏ ఫ్రెంచివాడూ ఈ పోటీ గెలవలేదు. మెల్లగా, పొట్టి షాట్లతో ముందుకు జరిగితే సరిపోయేది. అతను అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్బు (బంతిని కొట్టే కర్ర) అయిన డ్రైవర్ తీశాడు. బంతి కుడివైపుకు బాగా దూరం పోయింది, అయినా అదృష్టం కొద్దీ ఆడుకోదగ్గ చోటే ఆగింది. అప్పుడైనా వాగుకు ఇవతల ఆగవచ్చు. అతను 2-ఐరన్ అనే ఇనుప క్లబ్బుతో నేరుగా గ్రీన్ (రంధ్రం చుట్టూ ఉండే నున్నటి గడ్డి) వైపు కొట్టాడు. బంతి ప్రేక్షకుల గ్యాలరీ కమ్మికి తగిలి, వెనక్కి ఎగిరి, వాగు రాతి గోడను తాకి, మళ్లీ వాగుకు ఇవతల దట్టమైన గడ్డిలో పడింది. గ్యాలరీలోకే పోయి ఉంటే జరిమానా లేకుండా బంతిని పక్కన వేసుకునే వీలుండేది. అంగుళాల తేడాతో అతని గతి మారింది. మూడో షాట్ ఆ గడ్డిలోంచి సరిగా లేవక నీటిలో పడింది.

ఈ ఆటను ముందుగా చూడమనడానికి ఆ తరువాతి కొన్ని నిమిషాలే కారణం. వాన్ డె వెల్డ్ బూట్లూ మేజోళ్లూ విప్పి, ప్యాంటు మడిచి, గోడ దిగి నీటిలో నిలబడ్డాడు. బంతి నీటి అడుగున ఉంది. చేతిలో క్లబ్బు, చుట్టూ వేలమంది జనం. అలా నిలబడి బంతి వైపు, గ్రీన్ వైపు మార్చి మార్చి చూస్తూ కొట్టడమా మానడమా అని ఆలోచించాడు. చివరికి బయటికి వచ్చి, జరిమానా తీసుకుని, ఐదో షాట్ ఆడితే అది ఇసుక బంకర్‌లో పడింది. ఆరో షాట్‌తో ఇసుకలోంచి గ్రీన్ మీదికి తెచ్చాడు. ఏడోది ఏడెనిమిది అడుగుల పట్, అంటే గ్రీన్ మీద బంతిని రంధ్రంలోకి దొర్లించే దెబ్బ. దాన్ని మాత్రం తొణకకుండా వేశాడు. ఆ పట్ పోయి ఉంటే అతనికి ప్లేఆఫ్, అంటే సమంగా నిలిచినవారి మధ్య అదనపు ఆట, కూడా దక్కేది కాదు. నాలుగు హోల్స్ ప్లేఆఫ్‌లో జస్టిన్ లెనార్డ్‌నూ అతణ్నీ ఓడించి స్కాట్లాండ్ ఆటగాడు పాల్ లారీ గెలిచాడు. ఆఖరి రోజు ఉదయం లారీ పది స్ట్రోకుల వెనకబాటుతో ఉన్నాడు. మేజర్ల చరిత్రలో అంత దూరం నుంచి వచ్చి గెలిచినవారు మరొకరు లేరు. ఇంత గొప్ప విజయం వాగు కథ కింద మరుగున పడిపోవడం లారీకి న్యాయం కాదు.

ఈ ఒక్క హోల్ చూస్తే డ్రైవర్, ఐరన్, రఫ్, నీటి జరిమానా, బంకర్, పట్, ప్లేఆఫ్ అన్నీ ఒకే వరుసలో కళ్లెదుట జరిగిపోతాయి. పక్కన కూర్చుని చెప్పే కొడుక్కి ఇంతకన్నా మంచి పాఠ్యపుస్తకం దొరకదు.

దీనితో పోల్చదగ్గది 1996 మాస్టర్స్. ఆస్ట్రేలియాకు చెందిన గ్రెగ్ నార్మన్ తొలిరోజు ఆటను 63 స్ట్రోకులతో ముగించి మైదానం రికార్డును సమం చేశాడు. ఆఖరి రోజును ఇంగ్లండ్ ఆటగాడు నిక్ ఫాల్డో మీద ఆరు స్ట్రోకుల ఆధిక్యంతో మొదలుపెట్టాడు. ఆ రోజు నార్మన్ 78, ఫాల్డో 67; ఫాల్డో ఐదు స్ట్రోకుల తేడాతో గెలిచాడు. అంటే ఒకే రోజులో 11 స్ట్రోకులు తారుమారయ్యాయి. వాన్ డె వెల్డ్ పావుగంటలో పోగొట్టుకున్నదాన్ని నార్మన్ కొన్ని గంటల పాటు కొంచెం కొంచెంగా పోగొట్టుకున్నాడు: తొమ్మిది, పది, పదకొండు హోల్స్‌లో వరుసగా బోగీలు, పన్నెండులో నీళ్లు, పదహారులో మళ్లీ నీళ్లు. చివరి గ్రీన్ మీద ఫాల్డో అతణ్ని కౌగిలించుకోవడం చూసి కన్నీళ్లు పెట్టుకున్నవారు ఉన్నారు. ఇది లోతైన ఆట, సందేహం లేదు, కానీ కొత్తవారికి పనికిరాదు. నార్మన్ కొట్టిన ఏ షాట్ ఎందుకు తప్పో తెలియాలంటే అగస్టా గ్రీన్‌ల వాలు ముందే పరిచయం ఉండాలి. లేకపోతే ఒక మనిషి మెల్లగా దిగజారడం మాత్రమే కనిపించి మనసు కష్టపెడుతుంది. ఏడాది పాటు ఆట చూశాక దీని దగ్గరికి రండి.

ఇద్దరి పోరు: టర్న్‌బెర్రీ 1977, ట్రూన్ 2016

రెండో సాయంత్రానికి ఇద్దరు ఆటగాళ్ల మధ్య పోటీ కావాలి. ఈ వర్గంలో ఎంపిక అంతా రెండు బ్రిటిష్ ఓపెన్ల మధ్యే. రెండూ స్కాట్లాండ్ పడమటి తీరంలోని ఎయిర్‌షైర్‌లోనే జరిగాయి.

1977లో టర్న్‌బెర్రీ మైదానంలో 27 ఏళ్ల టామ్ వాట్సన్, 37 ఏళ్ల జాక్ నిక్లాస్ మొదటి మూడు రోజులూ అచ్చంగా ఒకే స్కోర్లు చేశారు: 68, 70, 65. ఆఖరి రోజు వాట్సన్ 65, నిక్లాస్ 66. మొత్తం 268కి 269. మూడో స్థానంలో ఉన్న హ్యూబర్ట్ గ్రీన్ 279 దగ్గర ఆగిపోయాడు. ఎండ బాగా కాసిన ఆ రోజును గోల్ఫ్ లోకం నేటికీ "ఎండలో ద్వంద్వయుద్ధం" అనే పిలుస్తుంది. ఇంకా ఆరు హోల్స్ ఉండగా నిక్లాస్ రెండు స్ట్రోకులు ముందున్నాడు. పదమూడులో వాట్సన్ ఒకటి తగ్గించాడు. పదిహేనులో గ్రీన్ బయటినుంచి, దాదాపు అరవై అడుగుల దూరంలోంచి పట్టర్‌తోనే వేసిన బంతి జెండా కర్రకు తగిలి లోపలికి పోయింది. ఇద్దరూ సమం. పదిహేడులో నిక్లాస్ ఒక పొట్టి పట్ తప్పాడు, వాట్సన్ ఒకటి ముందుకొచ్చాడు.

అందరూ ఆట అయిపోయిందనుకునే చోటే ఈ ఆట అందం ఉంది. చివరి హోల్‌లో వాట్సన్ 7-ఐరన్‌తో బంతిని జెండాకు రెండు మూడు అడుగుల దగ్గర ఆపాడు. నిక్లాస్ బంతి ముళ్లపొద పక్కన లోతైన గడ్డిలో ఉంది. దాన్ని బలంగా పెకలించి గ్రీన్ అంచుకు చేర్చి, అక్కడినుంచి ముప్పై అడుగులకు పైబడ్డ పట్ వేసేశాడు. జనం హోరెత్తితే, వాట్సన్ ఆఖరి పట్ ఆడాలి కదా అని నిక్లాస్ స్వయంగా చేయెత్తి వారిని నిశ్శబ్దపరిచాడు. రెండడుగుల పట్ ఒక్కసారిగా ఎంత పొడవైనదిగా మారుతుందో చూడాలంటే అక్కడ వాట్సన్ ముఖం చూడాలి. అతను ఆ పట్ వేశాడు.

2016లో రాయల్ ట్రూన్‌లో స్వీడన్ ఆటగాడు హెన్రిక్ స్టెన్సన్ ఆఖరి రోజు 63 కొట్టి, మొత్తం పార్‌కు 20 తక్కువతో ఫిల్ మికెల్సన్‌ను మూడు స్ట్రోకుల తేడాతో ఓడించాడు. మికెల్సన్ ఆ రోజు 65 కొట్టీ ఓడిపోయాడు; మూడో స్థానంలో ఉన్నవాడు మికెల్సన్ కన్నా 11 స్ట్రోకులు వెనుక. అంకెలు మాత్రమే చూస్తే 2016 మెరుగు. చిత్రం స్పష్టంగా ఉంటుంది, బంతి ఎటు పోతోందో గీత గీసి చూపిస్తారు, కళ్లు సరిగా ఆనని పెద్దలకు అది సౌకర్యం. 1977 నాటి చిత్రంలో బంతి ఆకాశంలో కనిపించదు, గ్రీన్ మీద పడ్డాకే తెలుస్తుంది. అయినా నా ఓటు 1977కే. స్టెన్సన్ చివరి హోల్స్‌లో వరుసగా బర్డీలు కొట్టి మికెల్సన్‌ను వెనక్కి నెట్టేశాడు కాబట్టి పద్దెనిమిదో హోల్‌కు వచ్చేసరికి ఉత్కంఠ మిగల్లేదు. టర్న్‌బెర్రీలో మాత్రం ఆఖరి పట్ పడేదాకా ఏదీ తేలలేదు.

1977 చూసినవారు వెంటనే 2009 కూడా చూడాలి. అదే టర్న్‌బెర్రీ, అదే వాట్సన్. వయసు మాత్రం 59, తొమ్మిది నెలల క్రితమే తుంటి కీలు మార్పిడి శస్త్రచికిత్స జరిగింది. చివరి హోల్‌లో పార్ చేస్తే ఆరో బ్రిటిష్ ఓపెన్ అతనిది. 8-ఐరన్‌తో కొట్టిన షాట్ బాగానే వచ్చింది, కానీ బంతి గ్రీన్ దాటి వెనక్కి దొర్లిపోయింది. తిరిగి దగ్గరికి తెచ్చుకున్నాక మిగిలిన ఎనిమిది అడుగుల పట్ చాలా బలహీనంగా పడింది. ప్లేఆఫ్‌లో స్టూవర్ట్ సింక్ చేతిలో ఆరు స్ట్రోకుల తేడాతో ఓడిపోయాడు. ఇంట్లో అరవై దాటినవారు ఉంటే మిగతా ఆటలన్నీ పక్కనబెట్టి ఈ రెంటినీ ఒకే రాత్రి చూపించమని నా మాట. ఆట తెలియకపోయినా వారికి ఇది పరాయి కథ అనిపించదు.

వయసు మీరిన విజేతలు: అగస్టా 1986, 2019

1986 మాస్టర్స్‌ను నిక్లాస్ 46వ ఏట గెలిచాడు. అది అతని పద్దెనిమిదో మేజర్, ఆరో మాస్టర్స్. అంతకుముందు మేజర్ గెలిచి ఆరేళ్లయింది. ఆఖరి రోజు నాలుగు స్ట్రోకుల వెనకబాటుతో బయలుదేరి 65 కొట్టాడు, అందులో చివరి తొమ్మిది హోల్స్‌కు 30 మాత్రమే. పదిహేనులో ఈగిల్, పదహారులో కాస్తలో తప్పిపోయిన హోల్-ఇన్-వన్ (ఒకే దెబ్బతో రంధ్రంలో వేయడం), పదిహేడులో బర్డీ పట్. పెద్ద కొడుకే కేడీగా సంచి మోస్తూ పక్కనున్నాడు. వెనక వస్తున్న సెవె బాలెస్టెరోస్ పదిహేనులో బంతిని చెరువులో పడేశాడు. నార్మన్ చివరి హోల్‌లో బోగీ చేశాడు. టామ్ కైట్ పట్ కొద్దిలో తప్పింది. ముగ్గురు గొప్ప ఆటగాళ్లు ఒక్కొక్కరే తప్పుకోవడం, ముందు ఆట ముగించిన నిక్లాస్ కూర్చుని ఎదురుచూడడం నాటకంలా నడుస్తుంది.

2019లో వుడ్స్ 43వ ఏట, వెన్నుపూసల శస్త్రచికిత్స తరువాత, పదకొండేళ్ల విరామానికి తన పదిహేనో మేజర్ గెలిచాడు. నిక్లాస్ విజయంలో దాడి కనిపిస్తే ఇందులో ఓర్పు కనిపిస్తుంది. పన్నెండో హోల్ 155 గజాల చిన్న పార్ 3, ముందు వాగు, గాలి దిశ తెలియదు. ఆఖరి రెండు బృందాల్లోని ఆరుగురిలో నలుగురు అక్కడ బంతిని నీటిలో వేశారు. అప్పటిదాకా ముందున్న ఫ్రాంచెస్కో మొలినారి వారిలో ఒకడు. వుడ్స్ జెండా వైపు కన్నెత్తి చూడకుండా గ్రీన్ మధ్యకు కొట్టి, రెండు పట్‌లతో పార్ చేసుకుని నడిచిపోయాడు. గెలుపు అక్కడ తిరిగింది.

పిల్లలు, యువకులు ఎక్కువగా ఉంటే 1986 తొమ్మిదో హోల్ నుంచి చూడండి. కేకలు వేయదగ్గ షాట్లు అందులో ఉన్నాయి. ఆట ఎలా ఆలోచించి ఆడతారో తెలుసుకోవాలనుకునేవారికి 2019 పన్నెండో హోల్ ఒక్కటి చాలు.

ఇదే అగస్టాలో వుడ్స్ 2005లో పదహారో హోల్ దగ్గర వేసిన చిప్ (గ్రీన్ బయటినుంచి కొట్టే పొట్టి షాట్) గురించి చెప్పకపోతే కొడుకులు ఒప్పుకోరు. గ్రీన్ వాలు మీద దాదాపు లంబకోణంలో తిరిగిన బంతి రంధ్రం అంచున రెండు క్షణాలు ఆగి లోపలికి పడింది. ఫోన్‌లో చూపించే అర నిమిషం వీడియో ఎక్కువగా ఇదే. చూడ్డానికి అద్భుతమే. కానీ అది చూసి ఆట ఏమీ తెలియదు. పైగా వుడ్స్ ఆ వెంటనే పదిహేడు, పద్దెనిమిది రెంటిలోనూ బోగీలు చేసి, క్రిస్ డిమార్కోతో ప్లేఆఫ్ ఆడవలసివచ్చిన సంగతి ఆ వీడియోలో ఉండదు. దాన్ని ఈ జాబితాలో చివర ఉంచండి.

ప్లేఆఫ్ దాకా సాగినవి

2008 యూఎస్ ఓపెన్‌లో వుడ్స్ ఎడమ కాలి ఎముకలో చీలికలతో, మోకాలి లిగమెంట్ దెబ్బతో ఆడాడు. 72వ హోల్‌లో పన్నెండు అడుగుల పట్ వేసి రాకో మీడియట్‌తో సమం చేశాడు. సోమవారం మళ్లీ 18 హోల్స్ ఆడితే ఇద్దరూ 71తో మళ్లీ సమం. 91వ హోల్‌లో గానీ వుడ్స్ గెలవలేదు. పూర్తిగా చూస్తే చాలా సమయం పడుతుంది, ఆ పట్ ఒక్కటీ, సోమవారం చివరి మూడు హోల్స్ చూస్తే సరిపోతుంది. 2018 నుంచి యూఎస్ ఓపెన్ ఈ 18 హోల్స్ ప్లేఆఫ్‌ను ఎత్తివేసి రెండు హోల్స్‌కు కుదించింది కాబట్టి అలాంటి సోమవారం ఇక రాదు.

2025 మాస్టర్స్‌ను ఇటీవలిది కాబట్టి చాలామంది మొదట చూపించాలనుకుంటారు. రోరీ మెకిల్‌రాయ్ జస్టిన్ రోజ్‌ను ప్లేఆఫ్‌లో ఓడించి, నాలుగు మేజర్లూ గెలిచిన ఆరో ఆటగాడయ్యాడు. మొదటి హోల్‌లోనే డబుల్ బోగీ, పదమూడులో గ్రీన్‌కు దగ్గరనుంచి వెడ్జ్ అనే పొట్టి దూరాల క్లబ్బుతో కొట్టిన బంతి వాగులోకి, పదిహేనులో చెట్లను చుట్టి వచ్చిన అపురూపమైన 7-ఐరన్, పద్దెనిమిదిలో గెలిపించవలసిన పొట్టి పట్ తప్పడం, చివరికి ప్లేఆఫ్‌లో జెండా పక్కన ఆగిన షాట్. ఎత్తుపల్లాలు ఇన్ని ఉన్న ఆట మరొకటి అరుదు. అయితే ఇదే మైదానంలో 2011లో అతను నాలుగు స్ట్రోకుల ఆధిక్యంతో మొదలై 80 కొట్టి కుప్పకూలాడని తెలిస్తేనే అతను గ్రీన్ మీద మోకాళ్ల మీద పడి ఎందుకు ఏడ్చాడో అర్థమవుతుంది. మూడో నాలుగో సాయంత్రానికి ఇది సరిగ్గా సరిపోతుంది.

మహిళల ఆట: 1998, 2021

ఇంట్లో అమ్మాయిలు ఉంటే, నిజానికి లేకపోయినా, 1998 యూఎస్ మహిళల ఓపెన్ ప్లేఆఫ్ తప్పక చూపించాలి. దక్షిణ కొరియాకు చెందిన ఇరవై ఏళ్ల పాక్ సె-రి, అమెరికా అమెచ్యూర్ (డబ్బు కోసం ఆడని క్రీడాకారిణి) జెన్నీ చువాసిరిపోర్న్ సోమవారం 18 హోల్స్‌లో చెరి 73తో సమంగా నిలిచారు. ఆ పద్దెనిమిదో హోల్‌లో పాక్ బంతి చెరువు గట్టు గడ్డిలో ఆగింది. ఆమె బూట్లూ మేజోళ్లూ విప్పి నీటిలో దిగింది. ఎండకు కమిలిన కాళ్లకింద, మేజోళ్లు కప్పి ఉంచిన పాదాలు మాత్రం తెల్లగా ఉన్నాయి. ఎన్ని వేల గంటలు మైదానంలో గడిపితే అలా అవుతుందో ఎవరూ చెప్పనక్కరలేదు. ఆమె బంతిని ఫెయిర్‌వే మీదికి తెచ్చుకుని, ఆ హోల్ గండం గట్టెక్కి, మరో రెండు హోల్స్ తరువాత గెలిచింది. అప్పుడు కొరియా ఘోరమైన ఆర్థిక సంక్షోభంలో ఉంది. ఆ దృశ్యం చూసి క్లబ్బు పట్టిన ఆడపిల్లల తరమే తరువాత ప్రపంచ మహిళా గోల్ఫ్‌ను ఏలింది. ఏడు మేజర్లు గెలిచిన పాక్ ఇన్-బీ ఆ తరంలోనిదే. కార్నూస్టీకి దాదాపు ఏడాది ముందు జరిగిందిది. రెండూ పక్కపక్కన చూస్తే, నీటిలో దిగి బంతి కొట్టినవారికీ, దిగి కొట్టకుండా వెనక్కి వచ్చినవారికీ బంతి ఉన్న చోటు ఎంత తేడా తెచ్చిందో తెలుస్తుంది. పాక్ బంతి గట్టు మీదే ఉంది; వాన్ డె వెల్డ్‌ది నీటి అడుగున. ధైర్యంలో తేడా అనడం అన్యాయం.

మనవారిని చూడాలనుకునేవారికి టోక్యో ఒలింపిక్స్, 2021 ఆగస్టు 7, శనివారం ఉదయం. బెంగళూరుకు చెందిన అదితి అశోక్ మూడు రోజులూ రెండో స్థానంలో ఉండి, ఆఖరి రోజు ఒక్క స్ట్రోకు తేడాతో పతకం చేజార్చుకుని నాలుగో స్థానంలో నిలిచింది. కేడీగా ఆమె తల్లే ఉన్నారు. గోల్ఫ్ అంటే ఏమిటో తెలియని ఇళ్లలో కూడా ఆ ఉదయం టీవీలు నడిచాయి, సాయంత్రం నీరజ్ చోప్రా జావెలిన్ స్వర్ణం వచ్చేదాకా దేశమంతా ఆమె గురించే మాట్లాడుకుంది. ఆమె దూరం కొట్టే ఆటగత్తె కాదు. ముందున్న నెల్లీ కోర్డా డ్రైవ్ ఆమె కన్నా చాలా ముందుకు పోయేది. అంత వెనకనుంచి కొట్టి, గ్రీన్ మీద పట్‌లతో దాన్ని పూడ్చుకుంటూ రావడమే ఆ నాలుగు రోజుల విశేషం. పోల్చి చెప్పాలంటే చరిత్ర దృష్ట్యా 1998 పెద్దది, మన మనసుకు 2021 దగ్గరిది. ఒక్కటే చూసే తీరిక ఉంటే పాక్‌ను ఎంచుకోండి.

చదవదగ్గవి మాత్రమే అయినవి

1913 యూఎస్ ఓపెన్‌లో, బోస్టన్ దగ్గర బ్రూక్‌లైన్‌లో, మైదానం ఎదుట ఇంట్లో ఉండే ఇరవై ఏళ్ల అమెచ్యూర్ ఫ్రాన్సిస్ విమెట్, పదేళ్ల కేడీతో, బ్రిటిష్ దిగ్గజాలు హ్యారీ వార్డన్, టెడ్ రే ఇద్దరినీ ప్లేఆఫ్‌లో ఓడించడం కథగా చదవడమే బాగుంటుంది. 1968 మాస్టర్స్ కూడా అంతే: అర్జెంటీనాకు చెందిన రొబెర్టో డి విసెంజో పదిహేడులో 3 చేస్తే, స్కోరు రాసే తోటి ఆటగాడు 4 వేశాడు, సరిచూసుకోకుండా సంతకం పెట్టినందుకు ఆ 4 ఖరారై, ప్లేఆఫ్ దక్కకుండా పోయింది. గుమాస్తాగిరీ చేసి పదవీ విరమణ పొందినవారికి ఈ కథ చెబితే మిగతావన్నీ అడిగి మరీ చూస్తారు.

ప్రత్యక్ష ప్రసారానికి ఏ పోటీ?

పాత ఆటలు చూశాక ప్రత్యక్షంగా చూడాలనిపిస్తే మన వేళలే ఎంపికను నిర్ణయిస్తాయి. మాస్టర్స్ ఏప్రిల్ రెండో వారంలో, మన దగ్గర దాళ్వా కోతల రోజుల్లో వస్తుంది. ఆఖరి హోల్స్ మనకు తెల్లవారుజామున నాలుగున్నర ప్రాంతంలో పడతాయి. 2025లో మెకిల్‌రాయ్ గెలిచిన సోమవారం అంబేద్కర్ జయంతి సెలవు కావడం వల్ల కొందరికి కలిసివచ్చింది. 2019లో ఉరుముల వాన వస్తుందని ఆటను పొద్దున్నే మొదలుపెట్టడంతో మనకు అర్ధరాత్రికే అయిపోయింది, అది మినహాయింపు. యూఎస్ ఓపెన్ జూన్‌లో. అమెరికా పడమటి తీరంలో జరిగిన ఏడాది ఆట ముగిసేసరికి మనకు ఉదయం ఏడు దాటుతుంది, పాలూ కాఫీల వేళకు చూసుకోవచ్చు. బ్రిటిష్ ఓపెన్ జూలై మూడో వారంలో, గోదావరికి ఎర్రనీరు వచ్చే రోజుల్లో. ఆదివారం మధ్యాహ్నం నుంచి చూడవచ్చు, రాత్రి పదకొండు, పదకొండున్నరకు విజేత తేలిపోతాడు. ప్రత్యక్ష ప్రసారంతో మొదలుపెట్టేవారికి ఇదొక్కటే అనువైనది. మాస్టర్స్‌ను మాత్రం పొద్దున లేచాక రికార్డింగులో చూసుకోండి, చూసేదాకా కుటుంబ వాట్సాప్ గ్రూపు తెరవకండి; డాలస్‌లో ఉన్న అల్లుడు ఫలితాన్ని మీకన్నా ముందు అందులో పెట్టి ఉంటాడు.